పని ఆగిన సైటుకు చేతి డబ్బు ఇవ్వొచ్చా? ఫోన్-ఇన్ కార్యక్రమం, విజయవాడ

యాంకర్: నమస్కారం. బిల్డర్లకు అప్పు పుట్టక అపార్టుమెంట్ల పనులు మధ్యలో ఆగిపోతున్నాయని చాలామంది ఫోన్ చేస్తున్నారు. హోమ్ లోన్లు చూసి రిటైరైన బ్యాంకు మేనేజరు గారు మనతో ఉన్నారు. మొదటి కాల్. చెప్పండి.

కాలర్: నమస్కారం సార్. మేం పటమటలో అద్దెకుంటున్నామండి, ఫ్లాటు కొన్నదేమో పోరంకిలో. మా బావమరిది చూపించాడు, బిల్డరు తెలిసినవాడేనన్నాడు. మూడో శ్లాబు వేశారు, అంతే. మేస్త్రీ వేరే సైటుకు వెళ్లిపోయాడు. పిల్లర్ల పైకి వదిలిన ఊచలు తుప్పు పట్టాయి సార్. వాచ్‌మన్ బట్టలు ఆరేస్తున్నాడు వాటికి. ఆ కంపెనీ పేరు...

యాంకర్: పేరు వద్దండి. ప్రశ్న అడగండి.

కాలర్: అదేనండి. బ్యాంకు మూడు శ్లాబుల వరకు డబ్బిచ్చింది. దానికి వడ్డీ కడుతున్నా, ఇక్కడ అద్దె కడుతున్నా. ఇప్పుడాయన, ఆరు లక్షలు చేతికిస్తే పని మొదలెడతా, అడుగుకు రెండొందలు తగ్గిస్తా అంటున్నాడు. ఇవ్వమంటారా?

నిపుణుడు: ఇవ్వకండి. ఆయనకు అప్పు ఎక్కడా పుట్టట్లేదు కాబట్టే మిమ్మల్ని అడుగుతున్నాడు. స్థలం కొనడానికి బిల్డరుకు బ్యాంకులు అప్పివ్వకూడదు, రిజర్వు బ్యాంకు నిబంధన అది. అందుకని ఫైనాన్స్ కంపెనీల దగ్గరికో, రెండు రూపాయల వడ్డీకిచ్చే వాళ్ల దగ్గరికో పోతారు. 2018లో ఐఎల్ అండ్ ఎఫ్ఎస్ అనే పెద్ద ఫైనాన్స్ సంస్థ బాకీలు కట్టలేక చేతులెత్తేశాక ఫైనాన్స్ కంపెనీలకే డబ్బు దొరకడం కష్టమైంది. పాత అప్పు కొత్త అప్పుతో తీర్చుకుంటూ నెట్టుకొచ్చిన బిల్డర్లు అప్పుడు దేశమంతా ఇరుక్కున్నారు. కొత్త అప్పు ఆగితే ముందు ఆగేది మేస్త్రీ కూలి, సిమెంటు బిల్లు. సరే, మీ సైటు స్థలమెంత?

కాలర్: వెయ్యి గజాలు సార్. పదిహేను ఫ్లాట్లు.

నిపుణుడు: అయితే రెరా రిజిస్ట్రేషన్ తప్పనిసరి. రెరా అంటే రియల్ ఎస్టేట్ ప్రాజెక్టుల చట్టం, దాన్ని అమలుచేసే సంస్థనూ అదే పేరుతో పిలుస్తారు. 500 చదరపు మీటర్లు, అంటే దాదాపు 600 గజాలు దాటి, 8 ఫ్లాట్ల కంటే ఎక్కువుంటే తప్పదు. కొన్నవాళ్లిచ్చిన డబ్బులో 70 శాతం ఆ ప్రాజెక్టు ఖాతాలోనే ఉండాలి. జరిగిన పనిని బట్టి ఇంజనీరు, ఆర్కిటెక్టు, సీఏ సర్టిఫికెట్లిస్తేనే అందులోంచి తీయాలి. మీరు చేతికిచ్చిన ఆరు లక్షలు ఆ ఖాతాలో పడతాయా? ఇంకో సైటు అప్పు కిందికి పోతాయి. రసీదు కూడా రాదు.

కాలర్: నిజమే సార్. కానీ ఆరు కాకుండా, ఒక మూడు లక్షలిస్తే...

నిపుణుడు: మూడైనా ముప్పై వేలైనా అదే మాటండీ! పని ముందు, డబ్బు వెనక. రేపే మీ బ్యాంకుకు వెళ్లి, సైటు చూడకుండా తర్వాతి విడత వదలొద్దని రాసిచ్చి, కాపీ మీద స్టాంపు వేయించుకోండి. మిగతా ఫ్లాట్లవాళ్లను కలుపుకోండి. అగ్రిమెంటులో స్వాధీనం చేసే తేదీ ఎప్పుడు?

కాలర్: పోయిన ఉగాదికే అయిపోయింది సార్.

నిపుణుడు: అయితే రెరా చట్టం 18వ సెక్షన్ మీ పక్షాన ఉంది. వద్దనుకుంటే కట్టిన డబ్బు వడ్డీతో సహా అడగొచ్చు. ఫ్లాటే కావాలంటే ఆలస్యమైన ప్రతి నెలకూ వడ్డీ అడగొచ్చు. రెరాలో ఫిర్యాదు పెట్టండి. అద్దె, వడ్డీ రెండూ కట్టడం ఎంత కష్టమో నాకు తెలుసు బాబూ, ఆ కష్టంలో ఉన్నప్పుడే తొందరపడి చేతి డబ్బు ఇస్తారు.

యాంకర్: గుంటూరు గోరంట్ల నుంచి కాలర్.

కాలర్: సార్, ప్రీ లాంచ్‌లో, అంటే అనుమతులు రాకముందే, మొత్తం ఒకేసారి కడితే సగం రేటుకే ఇస్తామంటున్నారు. రెరా నంబరు తర్వాత వస్తుందట.

నిపుణుడు: నంబరొచ్చాకే మాట్లాడండి. అది లేకుండా అమ్మకానికి పెట్టడమే తప్పు. వచ్చాక కూడా అగ్రిమెంటు రిజిస్టరు కాకుండా 10 శాతం మించి తీసుకోకూడదు. సగం రేటుకిస్తున్నాడంటే బయట అప్పు దొరకలేదని అర్థం చేసుకోండి.

యాంకర్: థాంక్యూ అండి. సత్యనారాయణపురం నుంచి మేడం.

కాలర్: నమస్తే అండి. మేం తీసుకుంటున్న అపార్టుమెంటు స్థలం ఫైనాన్స్ కంపెనీలో తనఖా ఉందని ఈసీలో, అదే రిజిస్ట్రారాఫీసు ఇచ్చే తాకట్టుల వివరాల కాగితంలో, కనపడింది. మామూలేనన్నాడు బిల్డరు.

నిపుణుడు: మామూలే అమ్మా, కానీ మీ ఫ్లాటు నంబరు రాసి ఆ కంపెనీ ఎన్ఓసీ, అంటే అమ్మకానికి అభ్యంతరం లేదనే పత్రం, ఇవ్వాలి. మీరు కట్టే డబ్బు ఏ ఖాతాలో వేయాలో కూడా అందులో ఉంటుంది. బిల్డరు నోటిమాట వద్దు. రేపు ఆయన అప్పు కట్టకపోతే వాళ్లు ముందు మీ గుమ్మం దగ్గరికే వస్తారు. ఎన్ఓసీ చేతికొచ్చేదాకా ఒక్క రూపాయి కూడా ఇవ్వొద్దు తల్లీ.

కాలర్: ఇప్పటికే టోకెన్ ఇచ్చామండి, లక్ష.

నిపుణుడు: చెక్కా?

కాలర్: చెక్కేనండి.

నిపుణుడు: మంచిదమ్మా, ఆధారం ఉంది. మిగతాది ఆపండి.

యాంకర్: సమయం అయిపోయింది. లైన్లో ఉన్నవాళ్లు ఏమీ అనుకోకండి, వచ్చే వారం ముందు మిమ్మల్నే తీసుకుంటాం. నమస్కారం.