యాంటీ డైవ్‌లో ఏది తీయాలి, ఏది ఉంచాలి: కవాసాకి జీపీజెడ్ 900ఆర్ ముందు ఫోర్కుల రివ్యూ

నమస్కారం. మీ ముందున్నది 1986 నాటి కవాసాకి జీపీజెడ్ 900ఆర్. ముందు చక్రాన్ని పట్టుకుని, స్ప్రింగుతో కుంగుతూ లేచే గొట్టాన్ని ఫోర్కు అంటారు. ఆ ఫోర్కు కింది భాగాన్ని అంటిపెట్టుకుని ఉన్న ఈ చిన్న అల్యూమినియం దిమ్మెను, దానిలోకి బ్రేకు ద్రవాన్ని తెచ్చే ఈ సన్నని గొట్టాన్ని ఒకసారి గమనించండి. బ్రేకు వేసినప్పుడు బండి ముందు భాగం కిందికి కుంగిపోకుండా చూడడానికి 1980లలో జపాను కంపెనీలు పెట్టి, గొప్పగా ప్రకటించుకున్న యాంటీ డైవ్ ఇదే. కవాసాకి తన పద్ధతికి ఏవీడీఎస్ (ఆటోమేటిక్ వేరియబుల్ డ్యాంపింగ్ సిస్టమ్) అనే పేరు పెట్టింది. అదే కాలంలో మన రోడ్ల మీద పరుగులు తీసిన యమహా ఆర్‌ఎక్స్ 100కు ముందు డ్రమ్ బ్రేకే ఉండేది కనుక, ఈ సమస్య గానీ దీని పరిష్కారం గానీ మనలో చాలామందికి పరిచయం లేదు. విదేశాల్లో ఉంటూ ఈ తరం పాత బండ్లను కొని బాగుచేసుకుంటున్న తెలుగువారి కోసమే ప్రధానంగా ఈ వీడియో చేస్తున్నాను.

ముందు బ్రేకు గట్టిగా పట్టినప్పుడు బరువు ముందు చక్రం మీదికి మళ్లుతుంది. ఈ బండి ఇరుసుల మధ్య దూరం సుమారు 1.5 మీటర్లు. పెట్రోలుతో, నడిపేవారితో కలిపి మొత్తం బరువు 320 కేజీలనీ, ఆ బరువుకు కేంద్రం నేల నుంచి 0.6 మీటర్ల ఎత్తున ఉందనీ అనుకుంటే, గురుత్వ త్వరణంలో 0.8 వంతు బలంగా బ్రేకు వేసినప్పుడు ముందు ఫోర్కుల మీద అదనంగా దాదాపు 100 కేజీల భారం పడుతుంది. మిల్లీమీటరుకు 0.6 కేజీల మెత్తని స్ప్రింగులు రెండు ఉంటే ఫోర్కు ఇంకో 83 మిల్లీమీటర్లు కుంగుతుంది, అవే 0.9 కేజీల స్ప్రింగులైతే 56 మిల్లీమీటర్లతో ఆగుతుంది. ఫోర్కు వాలును, లోపలి గాలి ఒత్తిడిని వదిలేసి వేసిన మోటు లెక్క ఇది, అయినా అసలు విషయం ఇందులోనే ఉంది. ఫోర్కు ఎంత దూరం కుంగాలో నిర్ణయించేది స్ప్రింగు. ఎంత వేగంగా కుంగాలో నిర్ణయించేది లోపలి నూనె.

యాంటీ డైవ్ పనిచేసేది ఆ నూనె మీద మాత్రమే. మీరు హ్యాండిల్ మీది బ్రేకు లివరు నొక్కగానే బ్రేకు ద్రవం ఒత్తిడి ప్లంజరు అనే ఒక చిన్న కడ్డీని తోస్తుంది, ఆ ప్లంజరు ఫోర్కు నూనె వెళ్లే దారిని ఇరుకు చేస్తుంది. కుంగడం నెమ్మదిస్తుందే తప్ప ఆగదు. పైగా బ్రేకు పట్టి ఉన్నంతసేపు ఆ దారి ఇరుకుగానే ఉంటుంది కాబట్టి, సరిగ్గా అప్పుడే చక్రం కింద ఒక గతుకు వస్తే ఫోర్కు లోపలికి వెళ్లలేక బిగుసుకుంటుంది, టైరు నేల మీద పట్టు కోల్పోతుంది. బ్రేకు వేసే సమయంలోనే టైరుకు పట్టు అన్నిటికన్నా ఎక్కువ అవసరమన్న సంగతిని ఆనాటి ఇంజనీర్లు అంత తేలికగా ఎందుకు తీసుకున్నారో నాకు ఇప్పటికీ అంతుబట్టదు.

దీనికి వయసు తోడైంది. నలభై ఏళ్ల తేమకు ప్లంజరు గదిలో తుప్పు పడుతుంది, సీళ్లు గట్టిపడతాయి. ఒకసారి మూసుకుని ఇరుక్కుపోయిన వాల్వు బ్రేకు వదిలినా తెరుచుకోదు. అదనపు గొట్టాలు, అదనపు మలుపులు ఉండటం వల్ల గాలి బుడగలను పూర్తిగా బయటికి పంపడం కష్టమవుతుంది, లివరు ఎప్పుడూ స్పాంజిలా మెత్తగా తగులుతుంది.

అందుకే దీన్ని తీసేయాలనుకున్నాను. ఇప్పుడు నేను చేసిన తప్పు చెబుతాను. దీన్ని తీసేయడానికి మొదట కొన్న కిట్టులో వచ్చినవి రెండు చదును పలకలు మాత్రమే. దిమ్మె మొత్తాన్ని విప్పి, దాని స్థానంలో వాటిని బిగించమని అమ్మినవారు చెప్పారు, నేను అలాగే చేశాను. బండిని స్టాండు మీద నుంచి దించి హ్యాండిల్ పట్టుకుని కిందికి నొక్కితే ఫోర్కు కొయ్యలా నిలబడింది. దిమ్మెలో రెండు భాగాలుంటాయని నాకు అప్పుడు గానీ అర్థం కాలేదు: ఒకటి బ్రేకు ద్రవం నడిచే ప్లంజరు భాగం, రెండోది ఫోర్కు నూనె నడిచే వాల్వు భాగం. ఆ పలకలు నూనె దారిని పూర్తిగా మూసివేసి, యాంటీ డైవ్‌ను తీసేయడానికి బదులు దాన్ని శాశ్వతంగా పనిచేసేలా చేశాయి.

అందుచేత తీయవలసింది ప్లంజరు భాగాన్ని మాత్రమే. వాల్వు భాగాన్ని విప్పి, శుభ్రం చేసి, కొత్త ఓ-రింగులు (నూనె కారకుండా ఆపే రబ్బరు వలయాలు) వేసి, అది స్వేచ్ఛగా తెరుచుకుని ఉంటోందని చేత్తో నొక్కి చూసి, తిరిగి ఫోర్కుకు బిగించాలి. ప్లంజరు ఉన్న చోట దుమ్ము చేరకుండా చిన్న మూత వేస్తే చాలు. బ్రేకు వైపు పాత గొట్టాలన్నిటినీ తొలగించి, మాస్టర్ సిలిండరు (లివరు దగ్గర ద్రవాన్ని తోసే భాగం) నుంచి క్యాలిపర్లకు (చక్రం దగ్గర డిస్కును పట్టే భాగాలకు) నేరుగా స్టీలు అల్లికతో ఉన్న కొత్త పైపులు వేశాను. ప్రతి కలయిక దగ్గరా కొత్త రాగి వాషర్లు వేయండి, పాతవాటిని తిప్పి వాడవద్దు. బ్లీడ్ చేసిన తరువాత, అంటే పైపుల్లోని గాలిని బయటికి పంపిన తరువాత, లివరును తాడుతో హ్యాండిల్‌కు కట్టి రాత్రంతా వదిలేసి, ఉదయం ప్రతి కలయికనూ పొడి గుడ్డతో తుడిచి, తడి లేదని నిర్ధారించుకున్నాకే నేను రోడ్డెక్కాను.

ఈ పని ఇక్కడితో ఆపేస్తే బండి మునుపటికన్నా వేగంగా ముందుకు కుంగుతుంది, కాబట్టి గట్టి స్ప్రింగులు వేయకుండా యాంటీ డైవ్‌ను తీయడం నా దృష్టిలో సగం పనే. నా బరువుకు తగ్గట్టు 0.9 కేజీల స్ప్రింగులు, కొద్దిగా చిక్కని నూనె వేశాను. ఫలితం గురించి నిజాయితీగా చెప్పాలంటే, లివరులో వచ్చిన మార్పు మొదటి కిలోమీటరులోనే తెలిసింది. ఫోర్కు ఇప్పటికీ కుంగుతుంది, కుంగాలి కూడా, ఎందుకంటే మలుపులోకి దిగేటప్పుడు ఆ కాస్త కుంగుదల వల్లనే హ్యాండిల్ తేలికగా తిరుగుతుంది. అయితే గతుకుల మీద బ్రేకు పట్టినప్పుడు ఇదివరకు వినిపించే ఆ టకటక చప్పుడు ఇప్పుడు లేదు.

హోండా బండ్లు ఉన్నవారు మాత్రం ఈ పద్ధతిని అనుసరించవద్దు. 1983 నాటి వీఎఫ్ 750ఎఫ్ లాంటి వాటిలో ఉన్న ట్రాక్ (టీఆర్‌ఏసీ) అనే యాంటీ డైవ్ పద్ధతికి బ్రేకు ద్రవంతో సంబంధం లేదు. అక్కడ క్యాలిపరే ఒక ఇరుసు మీద కొద్దిగా ఊగి, ఆ ఊపుతో వాల్వును నొక్కుతుంది. ఆ ఊగే భాగం కదలకుండా చీల పెట్టి బిగించినవారి పనితనం ఫొటోల్లో చూశాను, చూసి భయపడ్డాను, ఎందుకంటే బ్రేకు బలమంతా అప్పుడు ఆ చీల మీదే పడుతుంది. హోండాలో క్యాలిపరు ఊగే ఆ ఇరుసును శుభ్రం చేసి గ్రీజు పెట్టి, సర్దుబాటు మరను అన్నిటికన్నా మెత్తని స్థానంలో ఉంచడమే మంచిది.

నా బండి నుంచి తీసిన ప్లంజర్లను, గొట్టాలను పారేయలేదు. నూనె గుడ్డలో చుట్టి, ఏ భాగం ఏ వైపుదో రాసి, డబ్బాలో పెట్టాను. ఈ బండిని రేపు కొనేవారు ఫ్యాక్టరీ నుంచి వచ్చిన రూపమే కావాలంటే, ఆ డబ్బాను బండితో పాటే ఇస్తాను.