మన ఊరి ఎఫ్ఎంకి 50, 75 కాదు

అందరికీ నమస్కారం. ఇంత ఎండలో వచ్చారు, సంతోషం. మాటల కంటే ముందు ఒక్క నిమిషం పాట వినండి.

ఈ లాప్‌టాప్‌కి పెట్టింది ఆర్‌టీఎల్-ఎస్‌డీఆర్ డాంగిల్, రేడియో తరంగాల్ని పట్టి కంప్యూటర్‌కి అందించే చిన్న పరికరం. పట్టింది 102.2 మెగాహెర్ట్జ్, మన ఆకాశవాణి రెయిన్‌బో కృష్ణవేణి. పాట బాగానే వస్తోంది. కానీ తాళాల మోత, గాయని పలికే ‘స’, ‘శ’ దుప్పటి కప్పుకుని పాడినట్టు లేవూ? ఇప్పుడు ఒకే ఒక్క అంకె మారుస్తున్నాను... విన్నారా, తాళాలు విచ్చుకున్నాయి.

ఆ అంకె పేరు టౌ. ఎఫ్ఎంలో గరగర ఎక్కువగా చేరేది పై ఫ్రీక్వెన్సీల్లోనే. అందుకని స్టేషన్ వాళ్లు ఆ భాగాన్ని పెంచి పంపుతారు, రిసీవర్ అంతే తగ్గించి వినిపించాలి. తగ్గించే పనిని డీ-ఎంఫసిస్ అంటాం. ఎంత తగ్గించాలో చెప్పేదే టౌ. మన దేశంలోనూ యూరప్‌లోనూ అది 50 మైక్రోసెకన్లు, అమెరికాలో 75. మన స్టేషన్‌ని 75తో వింటే 10 కిలోహెర్ట్జ్ దగ్గర సుమారు 3.3 డెసిబెల్స్ అనవసరంగా పోతాయి. ఎరిక్ బ్లాసమ్ 2001లో మొదలుపెట్టిన గ్నూ రేడియో, అంటే బ్లాకులనే చిన్న ముక్కల్ని కలిపి రేడియోని కంప్యూటర్లోనే కట్టుకునే సాఫ్ట్‌వేర్, అమెరికాలో పుట్టింది. అందులో సిద్ధంగా దొరికే డీ-ఎంఫసిస్ బ్లాకు తెరిస్తే డిఫాల్ట్‌గా, అంటే మనం ఏమీ మార్చకపోతే, 75 మైక్రోసెకన్లే ఉంటుంది. తప్పు కాదది, వాళ్ల ఊరి విలువ. మనం బ్లాకు రాసుకుంటే డిఫాల్ట్ మన ఊరిది పెట్టుకోవాలి. ఇలా వాడేవాళ్లు మార్చుకోగలిగే విలువే పారామీటర్. అదంటే నాకు ఇష్టం ఇందుకే. వాడేవాళ్లెవరో, వాళ్ల చేతికి ఏం వదలాలో ముందే ఆలోచించమంటుంది.

సరే, రాద్దాం. సొంత బ్లాకుకి సులువైన దారి ఎంబెడెడ్ పైథాన్ బ్లాకు, గ్నూ రేడియో లోపలే పైథాన్ కోడ్ రాసుకునేది. బ్లాకు పుట్టేటప్పుడు నడిచే ఇనిట్ ఫంక్షన్‌లో ఏ ఆర్గ్యుమెంట్లు రాస్తే అవే ప్రాపర్టీస్ కిటికీలో పారామీటర్లుగా కనిపిస్తాయి. ప్రతిదానికీ డిఫాల్ట్ ఇచ్చి తీరాలి. రెండో దారి జీఆర్ మాడ్‌టూల్ అనే కమాండ్‌తో విడి మాడ్యూల్ చేయడం. అక్కడ పారామీటర్లను యామల్ అనే టెక్స్ట్ ఫైల్లో మనమే వర్ణించాలి. 3.8 వెర్షన్‌కి ముందు ఇవి ఎక్స్ఎంఎల్‌లో ఉండేవి. ఇప్పటికీ పాత పాఠాలు చూసి ఎక్స్ఎంఎల్ రాసేవాళ్లు కనిపిస్తారు, జాగ్రత్త.

యామల్లో ఒక్కో పారామీటర్‌కి ఐడీ, లేబుల్, డీటైప్ (విలువ ఏ రకమో), డిఫాల్ట్ ఉంటాయి. లేబుల్‌ని చిన్నచూపు చూడకండి. ‘టౌ’ అని వదిలేస్తే చూసినవాడు మైక్రోసెకన్లనుకుని 50 కొడతాడు. బ్లాకు దాన్ని సెకన్లుగా తీసుకుంటుంది, పాట మొత్తం మాయమవుతుంది. కొలమానం లేబుల్లోనే రాయండి. టౌ సున్నా కంటే ఎక్కువ ఉండాలని అసర్ట్స్ అనే భాగంలో ఒక వరుస రాస్తే, తప్పు విలువ ఉన్నప్పుడు ఫ్లోగ్రాఫ్, అంటే బ్లాకులు కలిపిన పటం, నడవకముందే ఎర్రర్ చూపిస్తుంది. ఆప్షన్స్ కింద 50, 75 రెండూ ఇచ్చి పక్కన దేశాల పేర్లు పెడితే ఇంకా మంచిది.

ఇప్పుడు అసలు చిక్కు. ఒకసారి మా ప్రాజెక్టు చూపించాల్సిన ముందురోజు రాత్రి, టౌ మార్చే స్లైడర్ జరుపుతున్నాను, శబ్దం ఇసుమంతైనా మారలేదు. స్లైడర్‌ని తిట్టాను, సౌండ్ కార్డుని తిట్టాను. తెల్లవారుజామున కనబడింది: యామల్లో ‘మేక్’ వరుస ఉంది, ‘కాల్‌బ్యాక్స్’ లేదు. మేక్ అంటే బ్లాకు పుట్టేటప్పుడు ఒక్కసారి ఇచ్చే విలువ. నడుస్తున్నప్పుడు విలువ మారితే ఏ ఫంక్షన్‌ని పిలవాలో చెప్పేది కాల్‌బ్యాక్. మన కాలవల లాకుల దగ్గర లస్కరు చక్రం తిప్పుతుంటాడు చూడండి. గొలుసు తలుపుకి తగిలించకపోతే ఎంత తిప్పినా నీటిమట్టం కదలదు. నేను ఆ రాత్రంతా చక్రమే తిప్పాను.

కాల్‌బ్యాక్ రాశాక కూడా ఇంకో మలుపుంది, ఇది మరీ దొంగ తప్పు. ఫిల్టర్ నిజంగా వాడేది టౌని కాదు, టౌ నుంచి లెక్కగట్టిన ఆల్ఫా అనే గుణకాన్ని. ఇనిట్‌లో ఆల్ఫా ఒక్కసారి లెక్కగట్టి వదిలేస్తే, తర్వాత టౌ మారినా ఆల్ఫా పాతదే. ఎంబెడెడ్ పైథాన్ బ్లాకులో ఇది ఇంకా సులభంగా మోసం చేస్తుంది, ఎందుకంటే పారామీటర్ పేరుతోనే ఆట్రిబ్యూట్ ఉంటే గ్నూ రేడియో దానికి కాల్‌బ్యాక్ తనే తగిలిస్తుంది. ప్రింట్ చేస్తే కొత్త విలువే కనిపిస్తుంది, వింటే పాత శబ్దమే. అక్కడైతే, శబ్దం ముక్క వచ్చిన ప్రతిసారీ నడిచే వర్క్ ఫంక్షన్ మొదట్లోనే ఆల్ఫాని మళ్లీ లెక్కించండి. విడి మాడ్యూల్ అయితే టౌ మార్చే ఫంక్షన్ రాసి అందులో లెక్కించండి. ఆ ఫంక్షన్‌లో ఫిల్టర్ దాచుకున్న చివరి అవుట్‌పుట్‌ని మాత్రం సున్నా చేయకండి. చేస్తే స్లైడర్ జరిపిన ప్రతిసారీ స్పీకర్లో టక్ టక్ మంటుంది.

యామల్ మార్చాక మళ్లీ ఇన్‌స్టాల్ చేసి, కంపానియన్‌లో, అంటే బ్లాకుల్ని కలిపే గ్నూ రేడియో కిటికీలో, బ్లాకుల్ని రీలోడ్ చేయాలి. లేదంటే పాతదాన్నే చూస్తూ కూర్చుంటారు.

ఇక లాప్‌టాప్‌లు తెరవండి. ముందు వరుసవాళ్లు 102.2, వెనక వరుసవాళ్లు 98.3 పెట్టుకోండి, అప్పుడు అందరం ఒకే పాటలో తప్పు వెతుక్కోం. ముందు 75తో వినండి, తర్వాత స్లైడర్‌ని మెల్లగా 50కి దించండి. ఎవరి దగ్గర శబ్దం మారలేదో చెయ్యెత్తండి, మీ దగ్గరికే మొదట వస్తాను.