చెరువు తవ్వినవాడికి ఆయకట్టు: తకరాజుకా రైలు మార్గం కథ

నమస్కారం. జపాన్‌లోని ప్రైవేటు రైళ్ల ప్రస్తావన ఎక్కడ వచ్చినా ఒక మాట తప్పకుండా వినిపిస్తుంది: ప్రభుత్వ రైల్వేను ప్రైవేటుపరం చేశారు కాబట్టే అక్కడి రైళ్లు అంత బాగా నడుస్తున్నాయని. ఆ మాటను సమర్థించేవారూ ఖండించేవారూ ఒకే పొరపాటు మీద నిలబడి వాదించుకుంటూ ఉండడం నాకు చాలాకాలంగా చిరాకు కలిగిస్తోంది. 1987లో ప్రైవేటుపరమైనది జపాన్ జాతీయ రైల్వే. నేటి జేఆర్ కంపెనీలు దాని వారసులు. ఈరోజు నేను చెప్పబోయే, తకరాజుకా మార్గాన్ని నడిపే హన్‌క్యూ రైలు కంపెనీని మాత్రం ఎవరూ ఎవరికీ అమ్మలేదు, అది పుట్టుకతోనే ప్రైవేటుది. విచిత్రమేమిటంటే, అది పుట్టడానికి కారణం ఒక జాతీయీకరణ.

(తెరపై: ఒసాకా నుంచి వాయవ్యంగా తకరాజుకా వైపు సాగే రెండు రైలు మార్గాల పటం)

1906లో జపాన్ ప్రభుత్వం ప్రధాన రైలు మార్గాలను స్వాధీనం చేసుకునే చట్టం తెచ్చింది. ఒసాకా ప్రాంతంలోని హన్‌కాకు రైల్వే అలా ప్రభుత్వం చేతికి వెళ్లిపోగా, దాని నిర్వాహకులు కొందరు 1907లో మినో అరిమా విద్యుత్ ట్రామ్‌వే అనే కొత్త కంపెనీని స్థాపించారు. నేటి హన్‌క్యూ ఇదే. ఒసాకాలోని ఉమెదా నుంచి జలపాతానికి పేరుపొందిన మినోకు, వేడినీటి బుగ్గల ఊళ్లయిన తకరాజుకాకు, అరిమాకు విద్యుత్ రైలు వేయాలన్నది వారి సంకల్పం. అయితే అప్పటికి రష్యాతో యుద్ధం ముగిసి మార్కెట్ కుప్పకూలి ఉంది. దాంతో 1,10,000 షేర్లలో దాదాపు సగానికి కొనేవారు లేకుండా పోయారు. పైగా మార్గం పొడవునా ఉన్నవి ఎక్కువగా పల్లెలూ పొలాలే. రైలు ఎక్కేవారు ఎక్కడి నుంచి వస్తారన్న ప్రశ్నకు ఎవరి దగ్గరా జవాబు లేదు.

ఆ స్థితిలో బాధ్యత తీసుకున్నవాడు మిత్సుయి బ్యాంకు ఉద్యోగం వదిలి వచ్చిన కోబయాషి ఇచిజో. జనవరి 3న పుట్టాడు కనుక ఒకటి, మూడు అనే అంకెలతోనే ఆయనకు ఇచిజో అని పేరు పెట్టారు. బ్యాంకులో పనిచేసినవాడు కాబట్టి లెక్క తెలుసు. టిక్కెట్ల మీద వచ్చే డబ్బుతో ఈ మార్గం బతకదని ఆయనకు ముందే అర్థమైంది. ప్రతిపాదిత మార్గం వెంబడి కాలినడకన తిరిగి చూసినప్పుడు, అందరికీ లోపంగా కనిపించిన ఆ ఖాళీ నేలే ఆయనకు పెట్టుబడిగా కనిపించింది.

ఇక్కడ మన దశబంధం ఇనాములను గుర్తు తెచ్చుకోండి. సొంత ఖర్చుతో చెరువు తవ్వించినవాడు ఆ నీటిని కుండల లెక్కన అమ్ముకునేవాడు కాడు. చెరువు కింద సాగులోకి వచ్చే ఆయకట్టులో అతనికి కొంత భూమి దక్కేది. నీరు రాకముందు బీడుగా ఉన్న నేల నీరు వచ్చాక మాగాణి అవుతుంది, ఆ పెరిగిన విలువలో వాటాయే అతని ప్రతిఫలం. కోబయాషి చేసినదీ ఇదే, కాకపోతే ఆయనకు ఇనాము ఇచ్చే రాజు లేడు. అందుకని కాలువ తవ్వకముందే, అంటే పట్టాలు పడకముందే, చుట్టుపక్కల నేలను చవకగా తానే కొనిపెట్టాడు.

1910 మార్చి 10న ఉమెదా నుంచి తకరాజుకాకు, మధ్యలోని ఇషిబాషి నుంచి మినోకు రైళ్లు మొదలయ్యాయి. అదే ఏడాది ఇకెదా స్టేషన్ పక్కన మురోమాచి అనే కాలనీలో ఇళ్ల అమ్మకం ప్రారంభమైంది. ఒక్కొక్క స్థలం సుమారు 100 త్సుబోలు, అంటే మన లెక్కలో దాదాపు 395 గజాలు. తోటతో కూడిన ఇల్లు; కొంత సొమ్ము ముందుగా కట్టి, మిగిలినది నెలకు 24 యెన్ల చొప్పున 10 ఏళ్లపాటు చెల్లించవచ్చు. నెల జీతం మీద బతికే గుమాస్తాకు సొంత ఇంటి ఆశ కల్పించిన ఈ వాయిదా పద్ధతే, నా దృష్టిలో, ఈ కథలోని అసలైన యంత్రం. విద్యుత్ మోటారు దాని తర్వాతే. ఒసాకాలో పొగగొట్టాల మధ్య ఊపిరాడక ఉండేవారిని ఉద్దేశించి, ఎలాంటి చోట నివసించాలో, ఎలాంటి ఇంట్లో ఉండాలో వివరిస్తూ కంపెనీ ఏకంగా ఒక చిన్న పుస్తకమే పంచిపెట్టింది.

అయితే చెరువు ఉపమానానికి ఇక్కడొక చిక్కు ఉంది. కాలువ నీరు ఒకవైపే పారుతుంది, రైలు మాత్రం వెళ్లిన దారినే తిరిగి రావాలి. పొద్దున్నే ఉద్యోగులను ఉమెదాకు చేర్చిన రైలు తకరాజుకా వైపు ఖాళీగా మళ్లితే ఆ విద్యుత్తంతా వృథాయే. కాబట్టి ఆయకట్టు చివరి భూముల దగ్గర కూడా జనాన్ని లాగేది ఒకటి కావాలి. 1911లో తకరాజుకాలో కొత్త స్నానశాల కట్టారు, మరుసటి ఏడు దాని పక్కనే లోపలి ఈతకొలను కట్టారు. ఆ కొలను ఘోరంగా విఫలమైంది. నీళ్లు వణికించేంత చల్లగా ఉండేవి, ఆడా మగా కలిసి ఈదడానికి అనుమతీ లేదు. అప్పుడు ఆ తొట్టి మీద పలకలు పరిచి ప్రేక్షకులకు కూర్చునే చోటు చేశారు, బట్టలు మార్చుకునే గదిని రంగస్థలంగా మార్చారు. 1914 ఏప్రిల్ 1న అక్కడ అమ్మాయిల బృందం తొలి ప్రదర్శన ఇచ్చింది. పురుష పాత్రలు సైతం స్త్రీలే ధరించే తకరాజుకా నాట్యబృందం ఈనాటికీ నడుస్తున్నది. ఒక రైలు కంపెనీ ఈతకొలను తప్పిదం నుంచి దేశమంతా ఎరిగిన రంగస్థలం పుట్టిందంటే నమ్మడం కష్టమే, కానీ జరిగింది అదే.

మరి తూము దగ్గర, అంటే ఉమెదాలో? అక్కడ 1920లో కంపెనీ తన భవనంలోని కింది అంతస్తును ఒక పేరున్న దుకాణానికి అద్దెకిచ్చి, అమ్మకాలు ఎలా సాగుతాయో గమనించింది. గడువు ముగిశాక 1925లో సొంత మార్కెట్ తెరిచింది. 1929 ఏప్రిల్ 15న స్టేషన్‌లోనే హన్‌క్యూ డిపార్ట్‌మెంట్ స్టోర్ ప్రారంభమైంది. ఆ వెంటనే వచ్చిన ఆర్థిక మాంద్యంలో అక్కడి భోజనశాలకు వచ్చిన కొందరు ఉత్త అన్నం మాత్రం అడిగి, బల్ల మీద ఉచితంగా ఉండే సాస్ పోసుకుని తినేవారు. వాళ్లను బయటికి పంపాలని ఇతరులు అనుకుంటే, కోబయాషి మాత్రం వారికి స్వాగతం చెప్పించాడు. ఈనాడు చేతిలో డబ్బులేని ఈ యువకులే రేపు పెళ్లి చేసుకుని పిల్లలతో వస్తారన్నది ఆయన లెక్క. దీన్ని దయ అనాలో వ్యాపారం అనాలో నేను ఇంకా తేల్చుకోలేదు.

మన హైదరాబాద్ మెట్రో ఒప్పందంలోనూ స్టేషన్ల దగ్గర స్థలాలను అభివృద్ధి చేసే హక్కు ఉంది, పంజాగుట్టలోనూ హైటెక్ సిటీలోనూ కనిపించే మాల్స్ దాని ఫలితమే. అయితే అక్కడ మెట్రో వచ్చేనాటికే ఆయకట్టంతా ఎప్పుడో ఇతరుల పేర పట్టా అయిపోయి ఉంది. ఈ తేడాను పట్టించుకోకుండా రెంటినీ పోల్చడం సరికాదు.

సమయం మించిపోతోంది కాబట్టి మిగతాది త్వరగా చెబుతాను. 1918లో కంపెనీ పేరు హన్‌షిన్ క్యూకోగా మారింది, హన్‌క్యూ దాని పొట్టి రూపమే; 1920లో కోబే మార్గం తెరుచుకుంది. యుద్ధకాలంలో కెయ్‌హాన్ కంపెనీతో విలీనం, 1949లో మళ్లీ విడిపోవడం, 1973లో హన్‌క్యూ అన్నదే అధికారిక పేరు కావడం వరుసగా జరిగాయి. పాత పేరులో ఉన్న అరిమాకు మాత్రం ఈ కంపెనీ పట్టాలు ఎప్పుడూ చేరలేదు.

ప్రస్తుత తకరాజుకా మార్గం పొడవు 24.5 కిలోమీటర్లు, స్టేషన్లు 19. లోకల్ రైలు అన్ని చోట్లా ఆగుతుంది. ఎక్స్‌ప్రెస్ జూసో, తోయోనాకా, హోతరుగాయికె, ఇషిబాషి హన్‌దాయి-మయె స్టేషన్లలో మాత్రమే ఆగుతూ వెళ్లి, ఆపైన తకరాజుకా వరకు ప్రతి స్టేషన్‌లోనూ ఆగుతుంది. అంటే సగం దారి ఎక్స్‌ప్రెస్, సగం దారి లోకల్. పనిదినాల్లో ఉదయం, సాయంత్రం కవానిషి-నోసెగుచి దగ్గర నోసె కంపెనీ పట్టాల మీదికి మళ్లి నిస్సెయ్-చూవో దాకా వెళ్లే ప్రత్యేక రైళ్లూ ఉన్నాయి. ట్రామ్ కోసం 1910లో వేసిన మార్గం కనుక వంపులు చాలా ఎక్కువ, వేగం గంటకు 100 కిలోమీటర్లు దాటదు. అదే తకరాజుకాకు పోటీగా వెళ్లే మరో మార్గం ఉంది: నాడు జాతీయమైన ఆ హన్‌కాకు రైల్వేయే 1987లో ప్రైవేటుపరమై నేడు జేఆర్ మార్గంగా నడుస్తోంది. ప్రైవేటీకరణ గురించి వాదించుకోవాలనుకునేవారు ఆ రైలు గురించి వాదించుకోవచ్చు.

(తెరపై: ఒసాకా-ఉమెదా స్టేషన్, ముదురు మెరూన్ రంగు రైళ్లు)

ఒసాకాకు వెళ్లే వీలు దొరికితే ఉమెదాలో తకరాజుకా రైలు ముందు పెట్టెలో నిలబడండి. క్యోటోకు, తకరాజుకాకు, కోబేకు వెళ్లే మూడు రైళ్లు ఒకే నిమిషాన కదిలి, ఆరు పట్టాల మీద పక్కపక్కనే యోదో నదిని దాటి జూసో చేరతాయి. మధ్యలో నకత్సు అనే చిన్న స్టేషన్ వస్తుంది. అక్కడ క్యోటో రైలుకు ప్లాట్‌ఫామే లేదు.