ఫోన్-ఇన్: పనిచేసే చోట సంతోషం, పైవాళ్లు ఏం చేయగలరు?

యాంకర్: నమస్కారం. పదిమంది చేత పనిచేయించేవాళ్లు ఆ పదిమందినీ సంతోషంగా ఎలా ఉంచగలరు అన్నది ఈ రోజు విషయం. జవాబులు చెప్పడానికి ఉద్యోగుల సలహాదారు మేడమ్ మనతో ఉన్నారు. మొదటి కాలర్ లైన్‌లోనే ఉన్నారు. చెప్పండి సార్.

కాలర్: నమస్తే మేడమ్. నేను పన్నెండు మంది ఉన్న టీమ్‌కి లీడ్‌ని. అందరూ హుషారుగా ఉండాలని పుట్టినరోజులకు కేకు కోయిస్తా, నెలాఖరులో ఆటలు పెడతా. ఆ గంటసేపు నవ్వుతారు. మర్నాటికి ముఖాలు మళ్లీ మామూలే. ఇద్దరు మానేస్తామని కూడా అంటున్నారు. ఇంకేం చేయాలో తోచడం లేదు.

సలహాదారు: ముందు ఒక్క విషయం చెప్పండి. మీవాళ్లు పనిలో ఏదైనా చిన్న మార్పు చేయాలంటే ఎవరెవరు సరే అనాలి?

కాలర్: ముందు నేను చూడాలి. తర్వాత మా మేనేజర్, ఆపైన ఇంకొకరు. మూడు నాలుగు రోజులు పడుతుంది.

సలహాదారు: ఆ మూడు నాలుగు రోజులూ ఏమవుతుందో గమనించారా? చేతిలో పని సగంలో వదిలి ఇంకోటి మొదలుపెడతారు. అదీ ఎక్కడో ఆగుతుంది. సాయంత్రానికి ‘ఇది పూర్తిచేశాను’ అని చెప్పుకోవడానికి ఏమీ ఉండదు. ఆ చిరాకు ముందు కేకు ఏ మూలకండీ?

థెరిసా అమాబిలే, స్టీవెన్ క్రామర్ అనే పరిశోధకులు 238 మంది ఉద్యోగుల చేత రోజూ డైరీ రాయించారు. దాదాపు 12,000 రాతలు పోగయ్యాయి. మనసు బాగున్న రోజుల్లో ఏం జరిగిందా అని చూస్తే, అన్నిటికన్నా ఎక్కువగా కనబడింది పని కాస్త ముందుకు కదలడం. ఘనవిజయాలేం అక్కర్లేదు, ఒక చిక్కుముడి విడినా చాలు. ఉద్యోగులకు హుషారు దేనివల్ల వస్తుందో వరసపెట్టమని మేనేజర్లను అడిగితే మాత్రం, సరిగ్గా దీన్నే అట్టడుగున పెట్టారు.

కాలర్: అయితే నేను ఎక్కడ మొదలుపెట్టాలి?

సలహాదారు: రేపు అందరినీ కూర్చోబెట్టి, ‘ఈ వారం మీ పని ఎక్కడ ఆగింది?’ అని ఒక్కటే అడగండి. మధ్యలో సమర్థించుకోకుండా రాసుకోండి. ఆ అడ్డంకుల్లో మీ చేతిలో ఉన్నది ఒకటి ఈ వారంలోనే తీసేయండి. ఏ మార్పులకు మీ అనుమతి అక్కర్లేదో తేల్చి, ‘ఇవి మీరే నిర్ణయించుకోండి’ అని మెయిల్‌లో రాసిపెట్టండి. నోటిమాటగా చెప్తే రేపు తేడా వచ్చినప్పుడు ఎవరిని అంటారోనన్న భయం ఉంటుంది. ఇక మేనేజర్ దగ్గర ఆగేవాటి కోసం వెళ్లి మాట్లాడాల్సింది మీరే. ఆ ఇద్దరితో విడివిడిగా కూర్చోండి, కానీ ఒకటైనా సరిచేశాక కూర్చోండి.

కాలర్: కేకులు మానేయమంటారా?

సలహాదారు: అయ్యో, ఎందుకండీ! ఉండనివ్వండి.

యాంకర్: మేడమ్, జీతం సంగతి చాలామంది మెసేజ్‌ల్లో అడుగుతున్నారు.

సలహాదారు: ఫ్రెడరిక్ హెర్జ్‌బర్గ్ అనే మనస్తత్వవేత్త 1959లోనే చెప్పారు. జీతం, పని పరిస్థితులు బాగాలేకపోతే అసంతృప్తి పుడుతుంది. అవి సరిచేస్తే అసంతృప్తి తగ్గుతుంది గానీ పనిమీద ఇష్టం దానంతటదే రాదు అని. అంత కచ్చితంగా విడదీయలేమని తర్వాత విమర్శలు వచ్చాయి. నా మాట ఒకటే. జీతంలో అన్యాయం జరుగుతున్న చోట ‘మనసుపెట్టి చేయండి’ అని అడిగే హక్కు ఏ లీడర్‌కీ లేదు. ముందు అది చక్కబెట్టాలి.

యాంకర్: రెండో కాలర్, ఒక ఆస్పత్రి వార్డు ఇన్‌చార్జి. చెప్పండమ్మా.

కాలర్: మా దగ్గర ఎవరైనా పొరపాటు చేస్తే నాకు చెప్పరు మేడమ్. మూడోవాళ్ల ద్వారా తెలుస్తుంది. నేను గట్టిగా మాట్లాడతానే గానీ మనసులో ఏమీ పెట్టుకోను.

సలహాదారు: మీ మనసు వాళ్లకు కనపడదు కదమ్మా. ముఖం కనపడుతుంది, గొంతు వినపడుతుంది. చివరిసారి ఎవరైనా వచ్చి చెప్పినప్పుడు మీ నోట వచ్చిన మొదటి మాట గుర్తుందా?

కాలర్: ‘ఎవరు చేశారు?’ అన్నాను.

సలహాదారు: అక్కడే ఉంది చిక్కంతా. ఆ మాటకు ఆ అమ్మాయే కాదు, పక్కన విన్న నలుగురూ నోరు కట్టేసుకుంటారు. ఈసారి ముందు ‘పేషెంట్ ఎలా ఉన్నారు?’ అనండి. తర్వాత ‘వెంటనే చెప్పి మంచిపని చేశావు’ అనండి. మనస్ఫూర్తిగా అనాలి, ఎందుకంటే అది నిజంగానే మంచిపని. అంతా కుదుటపడ్డాక కూర్చుని ‘ఎలా జరిగింది?’ అని అడగండి. ఒకేలా కనిపించే రెండు మందు సీసాలు పక్కపక్కన ఉన్నాయా, డ్యూటీ మారేటప్పుడు చెప్పాల్సింది చెప్పకుండా పోయిందా, అలాంటివి అప్పుడే బయటికొస్తాయి.

ఎమీ ఎడ్మండ్‌సన్ అనే పరిశోధకురాలు 1990లలో ఆస్పత్రి టీముల్లో మందుల పొరపాట్లను పరిశీలించారు. బాగా కలిసి పనిచేసే టీముల్లో తప్పులు తక్కువ ఉంటాయనుకుంటే, అక్కడే ఎక్కువ నమోదై కనిపించాయి. అక్కడివాళ్లు దాచకుండా చెప్పుకోగలుగుతున్నారని ఆమెకు అర్థమైంది. మీ రిజిస్టర్‌లో తప్పులు ఒక్కసారిగా పెరిగితే కంగారుపడకండి, మీ మీద నమ్మకం పెరిగిందేమో చూడండి.

కాలర్: మరీ ఏమీ అనకపోతే భయం పోదా మేడమ్?

సలహాదారు: పొరపాటు వేరు, తెలిసీ చేసిన నిర్లక్ష్యం వేరు. రెండోదానికి చర్య తీసుకోవాల్సిందే. అదైనా గదిలోకి పిలిచి మాట్లాడండి. అందరిముందూ వద్దు.

యాంకర్: ఇంకో కాలర్.

కాలర్: నేను ఉద్యోగిని మేడమ్. మా నాన్నగారు పోయి రెండు నెలలైంది. మా సార్ మంచివారే, కానీ మీటింగ్‌లో ‘ముఖం అలా పెట్టకు, పాజిటివ్‌గా ఉండు’ అంటారు. ఇంకా బాధేస్తోంది.

సలహాదారు: వినడానికే కష్టంగా ఉందమ్మా. మీరు నవ్వాల్సిన అవసరం లేదు. వీలైతే ఆయన్ని ఒంటరిగా కలిసి, ‘పని చేస్తాను సార్, మామూలుగా ఉండమని మాత్రం అడగొద్దు, కొంతకాలం పడుతుంది’ అని చెప్పండి. మంచివారంటున్నారు కాబట్టి అర్థం చేసుకుంటారు. వింటున్న లీడర్లకు కూడా చెబుతున్నా. నవ్వమని చెప్పి సంతోషం తెప్పించలేరు. అలాంటి మనిషి దగ్గరకెళ్లి ‘ఈ నెల నీ మీద నుంచి ఏ పని తగ్గించమంటావు?’ అని అడగండి. అడిగి, నిజంగా తగ్గించండి.

యాంకర్: చివరి కాలర్.

కాలర్: ఈమధ్యే మేనేజర్‌నయ్యాను మేడమ్. పైనుంచి టెన్షన్, అన్నీ అర్జెంటే అంటారు. రాత్రి పదకొండుకు నేనూ మెసేజ్‌లు పెట్టాల్సి వస్తోంది.

సలహాదారు: రాత్రి గుర్తొస్తే రాసుకోండి, పొద్దున వెళ్లేలా టైమ్ పెట్టండి. మీకది చిన్న మెసేజే, అవతలివాళ్లకు నిద్ర పట్టదు. పైవాళ్ల దగ్గరకు ఉత్తచేతులతో వెళ్లకండి. పనుల జాబితా ముందు పెట్టి, ‘ఇది కావాలంటే వీటిలో ఏది ఆగాలో చెప్పండి’ అని అడగండి.

కాలర్: ఒప్పుకోకపోతే?

సలహాదారు: ఒప్పుకోకపోవచ్చు. అప్పుడు టీమ్‌కు ఉన్నదున్నట్టు చెప్పండి. ఈ నెల బరువుగానే ఉంటుంది, ఫలానా తేదీ తర్వాత సెలవురోజున ఎవరినీ పిలవను అని. ఆ తేదీ దాటాక మాత్రం ఏమొచ్చినా పిలవకండి.

కాలర్: సరే మేడమ్. తేదీ రేపే చెప్పేస్తాను.