128 బైట్ల బొమ్మలాట

అందరికీ నమస్కారం.

‘కంప్యూటర్’ అన్న మాటను మనం ఫోన్‌లో తెలుగులో టైపు చేసి దాచుకుంటే మామూలుగా 27 బైట్లు పడుతుంది. వరసగా నాలుగుసార్లు రాయండి. అయిదోసారి రాయడానికి 1977లో వచ్చిన అటారీ 2600 అనే వీడియోగేమ్ కన్సోల్‌లో చోటు చాలదు. దాని ర్యామ్, అంటే ఆట నడిచేటప్పుడు వాడుకునే మెమరీ, మొత్తం 128 బైట్లే!

అంతకు ముందు కథ కొంచెమే చెప్తాను. 1972లో రాల్ఫ్ బేర్ ఆలోచనతో మాగ్నవాక్స్ ఒడిస్సీ వచ్చింది. అందులో ప్రాసెసర్ లేదు, శబ్దం లేదు. రంగులు కావాలంటే టీవీ తెరకు ప్లాస్టిక్ షీటు తగిలించుకోవడమే. 1976లో ఫెయిర్‌చైల్డ్ ఛానల్ ఎఫ్‌తో ప్రోగ్రామ్ నింపిన కార్ట్రిడ్జ్‌లు, అంటే కన్సోల్‌లో దూర్చే చిన్న డబ్బాలు, వచ్చాయి.

ఇక అటారీ. తెర మీద కనిపించే బొమ్మనంతా దాచుకునే మెమరీ దీనికి లేదు. టీవీలో కిరణం పైనుంచి కిందికి గీత తర్వాత గీత గీస్తూ పోతుంటే, ప్రాసెసర్ దాని వెంటే పరిగెత్తాలి. ఒక్కో గీతకు దొరికేది 76 సైకిళ్ళు, అంటే ప్రాసెసర్ గడియారం 76 సార్లు కొట్టుకునేంత సమయం. ఈలోగా ఆ గీతలో ఏం కనపడాలో బొమ్మ గీసే చిప్‌కు చెప్పకపోతే బొమ్మ చెదురుతుంది. ఎవరికి దెబ్బ తగిలింది, స్కోరెంత, ఈ లెక్కలన్నీ కిరణం మళ్ళీ పైకి చేరేలోపు కానిచ్చుకోవాలి. రాసేవాళ్ళ టెన్షన్ ఊహించుకోండి.

ఆ చిప్‌కు తెలిసినవి ఇద్దరు ఆటగాళ్ళు, రెండు తూటాలు, ఒక బంతి, వెనక గోడలు. పాంగ్ అనే బంతాట, ట్యాంకుల ఆట లాంటివాటిని మనసులో పెట్టుకుని చేశారు మరి! గోడలు కూడా సగం తెరకే. రెండో సగంలో అవే మళ్ళీ వస్తాయి, లేదా తిరగబడి వస్తాయి. పాత ఆటల్లో దారులు అద్దంలో చూసినట్టు ఉండేది అందుకే.

1982లో డేవిడ్ క్రేన్ ఈ అటారీకి రాసిన పిట్‌ఫాల్ అనే అడవి ఆటలో 255 దృశ్యాలున్నాయి. కార్ట్రిడ్జ్ 4 కిలోబైట్లు. అన్ని అడవులు అందులో ఎలా పట్టాయి? పట్టలేదు. ఉన్నది ఒక్క బైటు సంఖ్య. దాని బిట్లను, అంటే అందులోని ఎనిమిది సున్నాలు, ఒకట్లను, ఒక అడుగు జరిపి ఒక చిన్న లెక్క వేస్తే పక్క దృశ్యం సంఖ్య వస్తుంది. చెట్లెక్కడో, గుంట ఎక్కడో ఆ బిట్లే చెప్తాయి. వెనక్కి వెళ్ళాలంటే లెక్క తిరగేస్తే సరి. నన్నడిగితే ఆ తరం మొత్తంలో ఇంతకంటే తెలివైన పని లేదు.

అదే ఏడాది కమొడోర్ 64 అనే ఇంటి కంప్యూటర్ అటారీకి 512 రెట్ల ర్యామ్‌తో వచ్చింది. దాని సంగతి ఇంకోసారి.

ఇప్పుడు పిట్‌ఫాల్ ఆడి చూపిస్తాను. తెర ఎడమ అంచున నల్లటి పట్టీ కనిపిస్తుంది, టీవీ పాడైందనుకోకండి. బొమ్మలను పక్కకు జరిపినప్పుడల్లా చిప్ ఆ గీత మొదట్లో కాస్త నలుపు వదిలేస్తుంది. అక్కడక్కడా వస్తే అసహ్యంగా ఉంటుందని, ఈ ఆట చేసినవాళ్ళు కావాలనే ప్రతి గీతలోనూ తెప్పించారు.

లైట్లు కొంచెం తగ్గించండి.