‘శ్వేతేతరులు’ అన్న మాట గురించి

సభకు నమస్కారం. దక్షిణాఫ్రికా ప్రస్తావన వచ్చినప్పుడు తెలుగులో ‘శ్వేతేతరులు’ అన్న మాట అలవాటుగా దొర్లిపోతుంది. ఆ మాటను అక్కడి యువకులు యాభై ఏళ్ళ కిందటే ఎందుకు వద్దన్నారో చెప్పాలని వచ్చాను.

మద్రాసు నుంచి బయలుదేరిన ‘ట్రూరో’ ఓడ 1860 నవంబరు 16న డర్బన్ రేవు చేరింది. ఆ తర్వాత 1911 వరకు అక్కడి చెరకు తోటలకు ఒప్పందపు కూలీలుగా వెళ్ళినవారిలో గంజాం, విశాఖ, గోదావరి ప్రాంతాల మనవాళ్ళు ఉన్నారు. ఓడ ఎక్కేదాకా ఒక్కొక్కరికి ఒక ఊరు, ఒక ఇంటిపేరు ఉండేవి. దిగాక తెల్లవాళ్ళ నోట అందరూ ‘కూలీ’లే.

1950 నాటి జనాభా నమోదు చట్టం ఆ దేశపు మనుషులందరినీ వైట్, నేటివ్ (ఆఫ్రికన్లు), కలర్డ్ (ముఖ్యంగా మిశ్రమ సంతతివారు) అని మూడు గళ్ళలో సర్దింది. 1959లో వచ్చిన ప్రకటన భారతీయులను ‘కలర్డ్’ కింద ఒక ఉపవర్గంగా చూపింది. ఎవరు ఏ గడిలోకి వస్తారో తేలకపోతే జుట్టులో పెన్సిలు దోపి చూసేవారు. అది జారి పడితే ఒక జాతి, చిక్కుకుంటే మరొక జాతి. ఒకే ఇంటివాళ్ళు రెండు జాతులుగా నమోదైన సందర్భాలున్నాయి. ఇక బెంచీలమీద, తపాలా కార్యాలయాల గుమ్మాలమీద ‘నాన్-వైట్స్’, అంటే శ్వేతేతరులు, అన్న బోర్డులుండేవి. ఆ మాటలో బెంచీమీద కూర్చునే మనిషి గురించి ఒక్క అక్షరమైనా లేదు, కూర్చోనివాడి గురించే ఉంది.

నేటాల్ విశ్వవిద్యాలయంలో వైద్యవిద్యార్థిగా ఉన్న స్టీవ్ బికో తొలి అధ్యక్షుడుగా, 1969లో ఏర్పడిన విద్యార్థి సంస్థ ‘సాసో’ పట్టుకున్నది సరిగ్గా ఇక్కడే. చట్టం వల్లగాని ఆచారం వల్లగాని వివక్షకు గురవుతూ, పోరాటంలో తామంతా ఒకటేనని భావించేవారందరూ నల్లవారేనని ఆ సంస్థ నిర్వచించింది. ఆఫ్రికన్లు, కలర్డ్‌లు, భారతీయులు ముగ్గురూ అందులోకి వస్తారు. నలుపు ఒంటి రంగుకు సంబంధించింది కాదని, మనిషి తనను తాను చూసుకునే తీరని బికో రాశాడు. డర్బన్ భారతీయ కుటుంబాలలో పుట్టిన శాత్స్ కూపర్, స్ట్రీనీ మూడ్లీ ఆ పేరును తమదిగా చేసుకుని, 1976లో శిక్షపడి రాబెన్ ద్వీపపు జైలుకు వెళ్ళారు. 1917లో బెజవాడలో భాగ్యరెడ్డివర్మ అధ్యక్షతన జరిగిన సభ ‘పంచమ’ అన్న మాటను తోసిపుచ్చి ‘ఆది ఆంధ్ర’ అన్న పేరు పెట్టుకున్నప్పుడు జరిగింది కూడా ఇటువంటి పనేనని నేను నమ్ముతాను.

అయితే దక్షిణాఫ్రికాలో ‘నల్లవారు’ అన్న ఈ పేరును అందరూ ఒప్పుకోలేదు. 1949 డర్బన్ అల్లర్లలో ఆఫ్రికన్లకూ భారతీయులకూ మధ్య నెత్తురు పారింది, ఆ భయం చాలా భారతీయ కుటుంబాలను వదల్లేదు. వర్ణవివక్ష నిచ్చెనలో తమకంటే ఒక మెట్టు పైన నిలిపిన భారతీయులు అదే పేరు చెప్పుకోవడం ఆఫ్రికన్లలో కొందరికి మింగుడుపడలేదు. ఆ అభ్యంతరం న్యాయమైనదే. అయినా 2003 నాటి ఆర్థిక సాధికారత చట్టం నల్లవారంటే ఈ మూడు వర్గాలూ అని రాసుకుంది. 2008లో ప్రిటోరియా హైకోర్టు చైనీయ సంతతివారినీ ఆ నిర్వచనంలో చేర్చింది.

రాసేవారికి ఒక్క మనవి. ‘కలర్డ్’ అన్న మాటను ‘రంగుజాతి’ అని అనువదించకండి. అమెరికాలో ఆ మాట నేడు అవమానం. కేప్‌టౌన్‌లో మాత్రం ఎందరో తమ ఇళ్ళలో, తమ నోటితో తమకు చెప్పుకునే పేరు.