ఐదేళ్ల అతిథులు

శ్రోతలకు నమస్కారం.

విదేశాల్లో స్థిరపడ్డ పిల్లల దగ్గరకు వెళ్లే అమ్మానాన్నల వీసాల గురించి ఈ పూట మాట్లాడుకుందాం. ముందు ఒక చిక్కుముడి విప్పాలి. వీసా మీద పదేళ్లు అని రాసి ఉంటే, పదేళ్లు అక్కడే ఉండొచ్చని చాలామంది అనుకుంటారు. కాదండీ. ఆ పదేళ్లూ వెళ్లి తలుపు తట్టడానికి ఇచ్చిన గడువు మాత్రమే. లోపలికి వెళ్లాక ఎన్నాళ్లు ఉండొచ్చన్నది వేరే లెక్క. అమెరికాలో ఆ లెక్క విమానం దిగిన రోజునే, ఇమిగ్రేషన్ కౌంటర్ దగ్గర ఆఫీసర్ తేలుస్తారు. మామూలుగా ఆరు నెలలు. ఆ తేదీ ఐ-94 అనే రికార్డులోకి ఎక్కుతుంది. బ్రిటన్ రెండేళ్లకు, ఐదేళ్లకు, పదేళ్లకు కూడా విజిటర్ వీసా ఇస్తుంది. కానీ వెళ్లిన ప్రతిసారీ ఉండనిచ్చేది ఆరు నెలలే.

ఆరు నెలలంటే ఎంత? కూతురికి నెలలు నిండుతున్నాయని తల్లి ఒక నెల ముందే వెళ్తుంది. పురుడు, రాత్రిళ్లు జాగారాలు, టీకాలు. పిల్లాడు బోర్లా పడటం మొదలుపెట్టే వేళకు ఈవిడ పెట్టె సర్దుకోవాలి. పాకడం, నిలబడటం, తొలి అడుగు, అన్నీ ఇక ఫోన్‌లోనే.

ఈ బాధ తెలిసే కొన్ని దేశాలు ఎక్కువ కాలం ఉండనిచ్చే వీసాలు పెట్టాయి. పేరున్నది కెనడా సూపర్ వీసా. దాని పుట్టుక కథ ఆసక్తిగా ఉంటుంది. అమ్మానాన్నల్ని శాశ్వతంగా తెచ్చుకోవడానికి పెట్టుకున్న దరఖాస్తులు గుట్టలుగా పేరుకుపోయి, 2011 నవంబరులో కెనడా కొత్తవి తీసుకోవడం ఆపేసింది. ఆ మరుసటి నెలలోనే సూపర్ వీసా తెచ్చింది. అంటే, ఇంట్లో మనుషులుగా ఇప్పుడే చేర్చుకోలేం, అతిథులుగా ఎక్కువ రోజులు ఉండండి అన్నట్టు. మొదట ఒక్కో రాకకు రెండేళ్లు ఉండనిచ్చేవారు. 2022 జులై నుంచి దాన్ని ఐదేళ్లు చేశారు. అక్కడ ఉండగానే పొడిగింపు కూడా అడగొచ్చు.

ఆస్ట్రేలియాది 870 నంబరు వీసా, 2019లో వచ్చింది. మూడేళ్లకో ఐదేళ్లకో ఇస్తారు, అన్నీ కలిపి పదేళ్లకు మించకూడదు. ముందు పిల్లలు స్పాన్సర్‌గా, అంటే వాళ్ల బాధ్యత తీసుకునేవాళ్లుగా, ఆమోదం పొందాలి, ఆ తర్వాతే పెద్దవాళ్ల దరఖాస్తు. ఆ వీసా మీద అక్కడ ఉంటూ శాశ్వత పేరెంట్ వీసాకు అప్లై చేయడం కుదరదు. న్యూజిలాండ్ కూడా 2025 సెప్టెంబరులో ఐదేళ్ల వీసా ఒకటి తెరిచింది.

ఎక్కడైనా సరే, చట్టం కళ్లకు వీళ్లు అతిథులే. ఐదేళ్లు ఉన్నా అతిథులే. ఉద్యోగం చేయకూడదు. ఒంట్లో బాగోలేకపోతే ఆ ఖర్చు ప్రభుత్వం పెట్టుకోదు. అసలు టెన్షన్ ఇక్కడే మొదలవుతుంది.

కెనడా నియమం ప్రకారం, దరఖాస్తు నాటికే కనీసం ఏడాదికి, లక్ష కెనడియన్ డాలర్లకు తగ్గకుండా మెడికల్ ఇన్సూరెన్స్ చూపించాలి. పిల్లల ఆదాయం కూడా నిర్ణయించిన మొత్తానికి తగ్గకూడదు. చాలా ఇళ్లలో ఆ పాలసీని వీసా ఫైల్‌లో పెట్టాల్సిన ఒక కాగితంలా చూస్తారు. ఉన్నవాటిలో చవకది ఏదో కొనేసి, ఊపిరి పీల్చుకుంటారు. నన్నడిగితే, మొత్తం ఫైల్‌లో కళ్లద్దాలు పెట్టుకుని చదవాల్సింది ఆ ఒక్క కాగితాన్నే.

ఎందుకంటే, పెద్ద వయసులో బీపీ, షుగర్ లేనివాళ్లు తక్కువ. పాలసీ ఇచ్చేవాళ్లు అడిగే ప్రశ్న, జబ్బు ఉందా అన్నదొక్కటే కాదు. గత మూడు నెలల్లో, లేదా ఆరు నెలల్లో, అది నిలకడగా ఉందా అని కూడా అడుగుతారు. నిలకడ అనే మాటకు వాళ్ల అర్థం వేరు. ప్రయాణానికి ముందు నాన్నగారు డాక్టర్ దగ్గరకు వెళ్తారు. బీపీ బాగా అదుపులో ఉంది, మాత్ర సగం చేద్దాం అంటారు డాక్టర్. ఇంట్లో అందరికీ సంతోషం. చాలా పాలసీల లెక్కలో అది మార్పు. మందు పెరిగినా మార్పే, తగ్గినా మార్పే. రేపు అక్కడ గుండెనొప్పి వచ్చి ఆసుపత్రిలో చేరితే, క్లెయిమ్ తిరస్కరించడానికి ఆ సగం మాత్ర చాలు. అందుకే చెకప్ చేయించుకోవాల్సిందే, కానీ చివరి వారం దాకా ఆగకుండా ముందే చేయించుకోవాలి. మందు మారితే దాచకుండా పాలసీ ఇచ్చినవాళ్లకు చెప్పాలి, జవాబు రాతలో తీసుకోవాలి. ఇంకొకటి, ఇలాంటి పాలసీలు సాధారణంగా ఎమర్జెన్సీకే. నెలనెలా వాడే మందులు, పంటి నొప్పి, మామూలు పరీక్షలు సొంత జేబులోంచే. ఏడాది తిరిగేసరికి పాలసీ అయిపోతుంది, ఉండే గడువు మాత్రం ఇంకా మిగిలి ఉంటుంది. ఆ తేదీ గుర్తుపెట్టుకునే పని పిల్లలది.

చివరగా కౌంటర్ సంగతి. కెనడాలో దిగేవాళ్లు సూపర్ వీసా మీద వచ్చామని నోరు తెరిచి చెప్పాలి, పిల్లలు రాసిచ్చిన ఆహ్వాన పత్రం, ఇన్సూరెన్స్ కాగితం చేతి సంచిలోనే ఉంచుకోవాలి. వాటిని లగేజీలో వేసేసి, అక్కడ నిలబడి కొడుక్కి ఫోన్ చేసేవాళ్లు ఉంటారు. స్టాంపు పడ్డాక కదిలిపోకుండా తేదీ చూసుకోవాలి. తప్పు కనిపిస్తే అప్పుడే అడగడం తేలిక. పాస్‌పోర్టు గడువు కూడా చూసుకుని బయల్దేరాలి. దానికి ఇంకా పద్నాలుగు నెలలే మిగిలి ఉంటే, ఐదేళ్లు ఉండనిచ్చే వీసా అయినా ఆఫీసర్ రాసేది పద్నాలుగు నెలలే. కాబట్టి పాస్‌పోర్టు రెన్యువల్ ముందు, వీసా దరఖాస్తు తర్వాత.

సెలవు.